గడప లోపలి నడక

కడుపుతోని ఉండి, మంచంల పండుకొని, ఇంటి పైకప్పు దిక్కు చూసుకుంట భయపడుతున్న ఆడబిడ్డ ఎవరన్న ఉంటే ఆమె కోసం ఇది రాస్తున్న. నేను బడి మొకం చూసినదాన్ని కాదు. పెద్దపల్లి దగ్గర మా ఊళ్లె, పొలం పని లేని దినాలల్ల, మా బాపు ఇసుకల వేలు పెట్టించి అక్షరాలు దిద్దిచ్చిండు. ఆ పుణ్యం ఆయనది. తప్పులుంటే నావి.

రాస్తుంటే చెయ్యి ఇంకా వణుకుతున్నది. మెల్లమెల్లగ పోతదని డాక్టరమ్మ అన్నది. పోకున్నా సరే. ఈ చెయ్యి నా కండ్ల ముందు కదులుతున్నది, అదే దేవుడిచ్చిన భాగ్యం.

ఆషాఢం

మేముండేది మందమర్రిల, బొగ్గు బాయి కార్మికుల క్వార్టర్లల్ల. మా ఇంటాయన బాయి లోపట పైకప్పు కూలకుండ కట్టెలు నిలబెట్టే పని చేస్తడు. ఇంట్ల ఆయన, నేను, మా అత్తమ్మ. చీనా లడాయి అయిన చలికాలంల నాకు ఏడో నెల కడుపు పోయింది. నల్ల కాడ నీళ్ల బిందె ఎత్తుకొని వస్తుంటే బురదల జారి పడ్డ. ఆ వారంలనే బిడ్డ పోయిండు. మొకం నాకు చూపెట్టలే. చూస్తే మనసుల ఉండిపోతదన్నరు. చూడకపోతే ఇంకా ఎక్కువ ఉంటదని వాళ్లకెవరు చెప్పాలె?

మళ్ల నెల తప్పినప్పుడు సంతోషం రాలే, భయం వచ్చింది. ఆ భయం ఉత్తదేం కాదు. ఆషాఢంల ఒక పొద్దు చీరె మీద నెత్తురు మరక కనపడ్డది.

అత్తమ్మ కేక పెట్టలే. నా రెక్క పట్టుకొని మెల్లగ దవఖానకు తీసుకపోయింది. అక్కడ వరండల బల్ల నిండ ఆడోళ్లు. ఒకరి మొకం ఒకరు చూసుకోరు, అందరు తమ కాళ్ల దిక్కే చూసుకుంట కూసుంటరు. నేను నిలబడలేక గోడకు ఒరిగితే ఎవరో ఒక పెద్దామె జరిగి, "గిట్ల పండుకో బిడ్డా" అని నా తలను తన ఒళ్లె పెట్టుకున్నది. లోపటి నుంచి ఆమె పేరు పిలిచిండ్రు. ఆమె లేవలే. మళ్ల పిలిచిండ్రు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఈ పిల్లను ముందు చూడుండ్రి, నా మోకాళ్లు యాడికి పోవు" అన్నది. ఆమె ఎవరో నాకు ఇప్పటికీ తెల్వది. పూజల దండం పెట్టుకునేటప్పుడు రోజూ ఆమెను తలుచుకుంట.

"లోపట ప్రాణం ఉన్నది" అన్నది డాక్టరమ్మ. "నెత్తురు ఆగిందాక పండుకోవాలె. బిందెలు ముట్టొద్దు."

ఇంటికి వచ్చినంక అత్తమ్మ దర్వాజ కాడ ఆగింది. ఇక్కడ మా గడప సంగతి చెప్పాలె. కంపెనీ క్వార్టర్లకు గడపలుండవు, నున్నటి సిమెంటు మాత్రమే. మేం దిగిన కొత్తల అత్తమ్మ అది చూసి, "గడప లేనిది కొంపెట్లయితది? లక్ష్మి యాడ నిలబడాలె?" అని వడ్లాయనతోని టేకు చెక్క ఒకటి చెక్కిచ్చి, దర్వాజ కింద మట్టి మెత్తి ఆనిచ్చింది. శుక్రారం శుక్రారం దానికి పసుపు పూసి బొట్టు పెట్టేది. వాడల అందరు నవ్విండ్రు. తర్వాత ఒక్కొక్కరు తామూ చేయించుకున్నరు.

ఆ పొద్దు నన్ను లోపటికి పంపి, ఆ గడప మీద రెండు చేతులు పెట్టి మా ఇంటి దేవుడు రాజన్నకు గట్టిగ మొక్కింది.

"రాజన్నా! బిడ్డ దక్కితే నీ గుడి కాడ కోడెను కడత. అందాక నా కోడలు గీ గడప దాటది. దాటితే నా ఇంటి దీపం నువ్వే ఆర్పు."

గంత మాట ఎందుకన్నదో నాకు తెలుసు. ఆమె ముగ్గుర్ని మట్టిల పెట్టినంక మా ఇంటాయన ఒక్కడే దక్కిండు. కీడు ఎప్పుడైనా బయటి నుంచే వస్తదని ఆమె నమ్మకం. నల్ల బయటనే ఉండె, బురద బయటనే ఉండె. ఇక నాకు రెండు అర్రలు, ఎనుక పెరడు. పెరడుకు నాలుగు దిక్కుల గోడ, బయటికి దారి లేదు.

శ్రావణం, భాద్రపదం

నెత్తురు ఆగింది. కానీ అత్తమ్మ నన్ను మంచం దిగనియ్యలే. నాకూ దిగ బుద్ధి కాలే. దగ్గొస్తే ఆపుకునేదాన్ని. పక్కకు ఒత్తిగిల్లుదామంటే, లోపట దారపు పోగు తెగిపోతదేమో అనిపించేది. ఎవరన్న నవ్వించినా కోపమొచ్చేది, కడుపు కదులుతదని.

పండుకొని పండుకొని కాళ్లల్ల జీవం పోయింది. నడుం కింద, కడుపు అడుగున, బొక్కలు రెండు ఒకదాన్నొకటి రాసుకున్నట్టు నొప్పి. పెరట్లెకు పోవాలంటే గోడ పట్టుకొని, పండ్లు బిగపట్టి పోవాలె. అది చూసి అత్తమ్మకు ఇంకా భయం. "చూసినవా, లేస్తే నొస్తున్నది. పండుకో" అనేది. పండుకుంటేనే లేవలేకపోతున్ననని మా ఇద్దరికీ తట్టలే.

అన్నం కలిపి నోట్ల పెట్టేది, పాలు తాపేది. కానీ పొద్దున లేస్తే అడిగేది ఒక్కటే మాట.

"లోపట కదిలిందా?"

కదిలిందంటే మొకం తెల్లారినట్టయ్యేది. నీకెట్లున్నదని అడుగుతదేమో అని ఎదురు చూసేదాన్ని. అడగలే. నీళ్లు మోసే కుండకు దాహమైతదని ఎవరనుకుంటరు? అట్లనుకొని మళ్ల చెంపలు వేసుకునేదాన్ని. నోట్ల ముద్ద పెడుతున్న చేతిని తప్పు పడుతున్నవా అని.

మా ఇంటాయన డ్యూటీ దిగి, నల్లటి మొకంతోని దర్వాజ కాడ నిలబడి నా దిక్కు చూసేటోడు. ఏమనాలెనో తెల్వక, "చాయ తాగినవా?" అనేటోడు. కడుపుతోనున్నప్పటి నుంచి చాయ వాసనకే నాకు వాంతి వస్తదని ఆయనకు తెలుసు. అయినా అదే అడిగేటోడు.

బతుకమ్మ పండుగ

దవఖాన నుంచి ఒక నర్సమ్మ వాడకు వచ్చి కడుపుతోనున్నోళ్లను చూసి పోయేది. ఆమెది మలబారు దేశం. తెలుగు నేర్చుకున్నది మా వాడ ఆడోళ్ల దగ్గరనే, అందుకే అచ్చం మా లెక్కనే మాట్లాడేది. ఆమె వచ్చి నా చీరె అంచు జరిపి పిక్కలు పట్టుకొని చూసింది.

"అవ్వా, గివి కాళ్లా, కోడి కాళ్లా? నెత్తురాగి ఎన్ని దినాలాయె! ఇంకా పండబెట్టుడేంది?"

"కదిలితే పోతది నర్సమ్మా. ఒకసారి పోయింది" అన్నది అత్తమ్మ.

"అప్పుడు కిందపడి పోయింది. ఇప్పుడు కదలక పోయేటట్టున్నది. కాన్పు నాడు తొయ్యాలంటే బలం నీ కాళ్లల్లకెళ్లి తెస్తవా?"

అని నాకు నేర్పింది. పండుకొని మడమలు తిప్పుడు. మోకాళ్లు ముడిచి నడుమును మెల్లగ చాపకు ఆనిచ్చుడు. కింద కూసొని రెండు పాదాలు జోడించి మోకాళ్లు రెక్కల లెక్క ఆడిచ్చుడు. చేతులు మోకాళ్ల మీద వంగి పిల్లి లెక్క వీపు లేపుడు. గోడ పట్టుకొని సగం కూసొని లేసుడు. ఊపిరి నిండ తీసి మెల్లగ ఇడుసుడు. ఆఖరికి నడుసుడు, ఇంట్లనే అయినా సరే.

అత్తమ్మ కొంగు నోట్ల పెట్టుకొని చూసింది. నర్సమ్మ పోయినంక అన్నది. "ఇల్లా, తాలీంఖానా? కడుపుతోనున్నది కుస్తీలు పడుతదా?"

ఆ మాట అప్పుడే లోపటికి వచ్చిన మా ఇంటాయన విన్నడు. తల్లికి ఎన్నడు ఎదురు మాట్లాడనోడు, చెప్పులు ఇడుసుకుంట అన్నడు. "అవ్వా, నేను జరమొచ్చి నెల పండుకొని బాయిల దిగినప్పుడు కాళ్లు వణికి పడబోతే పక్కోడు పట్టుకున్నడు. దీన్ని కాన్పు కాడ ఎవడు పట్టుకుంటడు?"

తెల్లారి ఆయన గోడ పొంటి నా నడుం ఎత్తుల ఒక గుండ్రటి కట్టె బిగిచ్చిండు, పట్టుకొని నడవడానికి. తానే దాని మీద బరువంత ఏసి వేలాడి చూసిండు. "ఇది కూలది" అన్నడు.

పక్కింటి ఖాలమ్మ గురించి చెప్పకపోతే పాపం. ఖాలమ్మ మొగడు బాయి మీద ఇంజను నడుపుతడు. ఆమె మంచి లావు మనిషి. నర్సమ్మ చెప్పినవన్ని నేను ఒక్కదాన్నే చెయ్యలేనని తెలిసి, పొద్దుగాల వంటైనంక వచ్చి నా పక్కన చాప ఏసుకునేది.

"చల్ బేటీ. నీకు బిడ్డ, నాకు సన్న నడుం. చూద్దాం ఎవరికి ముందు వస్తదో."

ఆమె పిల్లి లెక్క వంగితే లేవరాకపోయేది. "అరే అక్కా, జర లేపు!" అని మా అత్తమ్మను పిలిచేది. అత్తమ్మ రెక్క పట్టి గుంజుకుంట, "ఈ పిల్లి ఏ ఇంట్ల పాలు తాగిందో, లేస్తలేదు" అనేది. నాకు నవ్వొచ్చేది. నవ్విన వెంటనే భయమేసి కడుపు మీద చెయ్యి పెట్టుకునేదాన్ని.

ఈ భయం గురించి నిజం రాయాలె. మొదటిసారి గోడ కాడ సగం కూసొని లేసినప్పుడు, లోపట ఏదో జారినట్టయి నేను కట్టెను పట్టుకొని ఏడ్చిన. చీరె చూసుకున్న. ఏం లేదు. అయినా మళ్ల చూసుకున్న. ప్రతి దినం గట్లనే. ఒక్కొక్కటి చేసుడు, చీరె చూసుకునుడు, రాజన్నకు దండం పెట్టుడు, మళ్ల ఇంకొకటి చేసుడు. భయం పోయినంక లేద్దామనుకుంటే ఎన్నడు లేవకపోదును. భయంతోనే లేసిన. ఇంకొక మాట. నాకు చెప్పినవి నా ఒంటికి చెప్పినవి. నెత్తురు కనపడితే, నొప్పి ఎక్కువైతే ఆపమని నర్సమ్మ గట్టిగ చెప్పింది. ఎవరికి వాళ్లు దవఖానల అడగకుండ చెయ్యొద్దు.

బతుకమ్మ ఆడే నాడు వాడ ఆడోళ్లంత మా ఇంటి ముందటి జాగల చేరిండ్రు. కిటికీల నుంచి తంగేడు వాసన వచ్చింది. వాళ్లు బయట చప్పట్లు కొట్టుకుంట తిరుగుతుంటే, నేను లోపట కట్టె పట్టుకొని, వాళ్ల చప్పట్లకు అడుగు కలుపుకుంట అర్ర చుట్టు తిరిగిన. చూస్తే అత్తమ్మ బయటికి పోలే. పొయ్యి కాడ కూసొని నా అడుగులకు మెల్లగ చేతులు తడుతున్నది.

కార్తీకం

మంచి దినాలు కూడ వచ్చినయని రాయకపోతే దేవునికి కోపమొస్తది. పిక్కలు గట్టిపడ్డయి. బొక్కల నొప్పి ఉన్నది గని, లేసేటప్పుడు ఏడుపు రాకుండె. పెరట్ల తులసికి నేనే నీళ్లు పోసిన. అత్తమ్మ మారిపోయింది. తిన్నంక నేను కొంచెం ఒరిగితే చాలు, "లే, తాలీంఖాన టైమైంది" అనేది. నేను చేసేటప్పుడు మాత్రం కండ్లు మూసుకొని రాజన్న పేరు తలుచుకుంట కూసునేది.

మార్గశిరం

నెలలు నిండ వచ్చినయి. పాదాలు వాచినయి. నిండు కడుపు, వాపు మామూలేనన్నరు. తర్వాత చేతులు వాచి గాజులు దిగలే. నర్సమ్మ చూసి కొన్నాళ్లు నడుసుడు తగ్గించమన్నది, ఉప్పు తగ్గించమన్నది. తలనొప్పి గని, కండ్లు మసకలు గని వస్తే ఒక్క గడియ ఆగొద్దన్నది.

ఆ పొద్దు మా ఇంటాయన డ్యూటీ మీద బాయిల ఉన్నడు. నేను లేసి కట్టె పట్టుకుందామని చూస్తే గోడకు రెండు కట్టెలున్నయి. దేన్ని పట్టుకోవాలెనో తెల్వలే. నెత్తిల సుత్తెతోని కొట్టినట్టు. కండ్ల ముందట మిణుగురులు. లోపట బిడ్డ పొద్దటి నుంచి కదలలేదని అప్పుడు గుర్తుకొచ్చింది.

"అత్తమ్మా, నాకు కనపడుతలేదు."

ఖాలమ్మ చెప్పులు లేకుండ ఉరికి నర్సమ్మను తీసుకవచ్చింది. నర్సమ్మ నా కండ్లు చూసి, చెయ్యి పట్టి, నవ్వకుండ మాట్లాడింది. ఆమె నవ్వకుండ మాట్లాడుడు నేను మొదటిసారి విన్న.

"దవఖాన బండి వస్తున్నది. ఆలస్యమైతే ఫిట్లొస్తయి. ఇద్దరూ దక్కరు."

బండి వచ్చింది. నన్ను ఇద్దరు చెరో దిక్కు పట్టుకొని దర్వాజ కాడికి నడిపిచ్చిండ్రు. గడప కాడికి రాంగనే నా కాలు లేవలే. ఎవరూ ఆపలే, నేనే ఆగిన. నెలల పొద్దు ఆ కాళ్లకు నేర్పిన నడకంత ఆ ఒక్క చెక్క కాడ ఆగిపోయింది. దాటితే ఇంటి దీపం ఆరిపోవాలెనని ఒట్టు. ఆ దీపం ఎవరు? లోపటి బిడ్డనా? బాయిల ఉన్న ఆయనా?

"దాటు బేటీ!" అన్నది ఖాలమ్మ. నేను అత్తమ్మ దిక్కు చూసిన. ఆమె మొకం మసక మసకగ కనపడ్డది.

"కాలు పెట్టకుండ ఎత్తి దాటిద్దాం అక్కా. అప్పుడు మొక్కు పోదు గదా?" అన్నది ఖాలమ్మ.

"ఎత్తినా దాటుడే. రాజన్నకు కండ్లు లేవా?" అన్నది అత్తమ్మ.

"అవ్వా, నీ మొక్కు నువ్వు తర్వాత చూసుకో!" నర్సమ్మ అరిచింది.

అత్తమ్మ లోపటికి పోయింది. దేవుని పటం ముందట కూలబడ్డదనుకున్న. ఇనుము చప్పుడైంది. చేతిల గడ్డపార పట్టుకొని వచ్చింది. ఆమెకు మతి పోయిందని నాకు భయమైంది. గడప అంచున పోటు పొడిచింది. ఎండిన మట్టి పెచ్చులూడింది. ఇంకో పోటు. చెక్క లేసింది. పసుపు, మట్టి ఆమె మొకం నిండ పడ్డయి. గడ్డపార ఇడిసిపెట్టి, తానే పూజించే ఆ గడపను పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతోని ఎత్తుకొని పోయి దేవుని పటం కాడ పెట్టింది.

"ఇగ పో బిడ్డా" అన్నది, రొప్పుకుంట. "గడప ఇంట్లనే ఉన్నది. నువ్వు దేన్ని దాటుతలేవు. రాజన్నకు లెక్క కావాలంటే నన్నడగని."

నేను అడుగేసిన. కింద ఉత్త సిమెంటు, సల్లగ తగిలింది.

దవఖానల

అక్కడ జరిగింది నాకు ముక్కలు ముక్కలుగనే గుర్తున్నది. కిటికీలకు నల్లగుడ్డ కట్టిన గది. ఎలుగు పడొద్దని, చప్పుడు కావద్దని. సూదులు. నర్సమ్మ చెయ్యి. ఎవరన్న గిన్నె కింద పెడితే నెత్తిల పిడుగు పడ్డట్టుండేది. మా ఇంటాయన వచ్చిండట. మొకం కూడ కడుక్కోకుండ వచ్చిండట. నాకు బొగ్గు వాసన మాత్రం గుర్తున్నది.

బిడ్డ కదులుతున్నదా అని అడిగేదాన్ని. "గుండె కొట్టుకుంటున్నది" అనేటోళ్లు. నాకు ధైర్యం చెప్పడానికి అంటున్నరా, నిజంగనే అంటున్నరా అని వాళ్ల గొంతులు వినుకుంట పండుకునేదాన్ని. చీకట్ల ఇంకేం చేసేది లేక మడమలు మెల్లగ తిప్పిన. అది చేస్తుంటే నా ఒళ్లు ఇంకా నాదే అనిపించింది.

నొప్పులు వాళ్లే తెప్పిచ్చిండ్రు. ఆపలేనంత ఏడ్చిన. బలం లేదన్న. నర్సమ్మ నా మోకాళ్లు పట్టుకొని, చెవు కాడ మాట్లాడింది. "ఉన్నది. గీ కాళ్లల్ల ఉన్నది, నేను చూసిన గదా. ఊపిరి తియ్యి. ఇప్పుడు తొయ్యి." తోసిన. మళ్ల తోసిన. కాళ్లు వణికినయి గని జారలే.

తర్వాత అంతా నిశ్శబ్దం. నేను ఆ నిశ్శబ్దాన్ని ఇదివరకు ఒకసారి విన్న. పాణం పోతదనుకున్న. ఎవరో తడుతున్న చప్పుడు, నీళ్ల చప్పుడు. రాజన్నా అనడానికి కూడ నోరు రాలే. అప్పుడు సన్నగ, పిల్లి కూన లెక్క ఒక ఏడుపు.

ఆడపిల్ల. పిడికెడంత ఉన్నది. బతుకుతదా అని అడిగిన. డాక్టరమ్మ అబద్ధం ఆడలే. "చిన్నగున్నది. పాలు తాగితే బతుకుతది" అన్నది.

నా తలాపున కిటికీ ఉన్నది, నల్లగుడ్డ ఎనుక వరండ. బయట ఏం మాట్లాడినా వినపడేది. నర్సమ్మ పిల్లను గుడ్డల చుట్టుకొని బయటికి పోయింది. అత్తమ్మ వచ్చిన దినం నుంచి ఆ వరండలనే కూసున్నదట, లోపటికి రమ్మన్నా రాలేదట. తాను గడప పీకింది గనుక తన నీడ మా మీద పడొద్దనట.

"అవ్వా, గిదో నీ మనుమరాలు. పట్టుకో."

జవాబు రాలే. మొగపిల్లగాడు కాదని ఊకున్నదేమో అనుకొని నేను కండ్లు మూసుకున్న.

"జర ఆగు నర్సమ్మా" అన్నది అత్తమ్మ. "పిల్లను తర్వాత చూస్త. పిల్ల తల్లి ఎట్లున్నది? నా కోడలికి కండ్లు కనపడుతున్నయా?"

నేను ఆ నల్లగుడ్డ దిక్కు మొకం తిప్పి, ఉన్న బలమంత పెట్టి అన్న.

"కనపడుతున్నయి అత్తమ్మా. లోపటికి రా."